దయ్యాలను నమ్మాలా, వద్దా? నాకు తెలిసినంతలో ఒక సమాధానం

రాత్రి షిఫ్టులు మొదలైనప్పటి నుంచి నిద్రలో ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు, కాళ్లూ చేతులూ కదలనట్టు ఉంటోందనీ, అది గాలి సోకడమేనని మీ అమ్మగారు తాయెత్తు కట్టించుకోమంటున్నారనీ రాసి, అసలు దయ్యాలను నమ్మాలా వద్దా అని అడిగారు. నేను నమ్మను. అయితే నమ్మనివాడికి భయం వేయదని మాత్రం అనుకోకండి. భీమిలిలోని డచ్చివారి సమాధుల పక్క నుంచి అర్ధరాత్రి ఒంటరిగా నడవమంటే ఈ వయసులో కూడా నా అడుగు వడివడిగానే పడుతుంది. చీకటికి ఒళ్లు జలదరించినంత మాత్రాన అక్కడ ఏదో ఉన్నట్టు రుజువు కాదు.

మీకు జరుగుతున్నది నాకూ జరిగింది. గాజువాక వైపు ఒక కర్మాగారంలో పనిచేసే రోజుల్లో, సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి ఉదయం పడుకుంటే, కాసేపటికి మెలకువ వచ్చినట్టే ఉండేది. పైన ఫ్యాను తిరుగుతూ కనబడేది, వంటింట్లో మా ఆవిడ పోపు వేస్తున్న చప్పుడు వినబడేది, కానీ పిలుద్దామంటే గొంతు పెగిలేది కాదు. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడని, అతడు దగ్గరికి వస్తున్నాడని చూడకుండానే తెలిసిపోయేది, ఆ వెంటనే ఛాతీ మీద బరువు పడేది. దీనిని వైద్యులు స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు వచ్చే నిద్రదశలో, ఆ కలలకు తగ్గట్టు మనం లేచి పరుగెత్తకుండా మెదడే కండరాలను బిగువు లేకుండా చేస్తుంది. ఆ పట్టు సడలకముందే తెలివి వస్తే, కల సగం, గది సగం కలిసి కనబడతాయి. కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల వరకు ఉండి, దానంతట అదే పోతుంది. జీవితంలో ఒక్కసారైనా దీనిని చవిచూసినవారు నూటికి ఏడెనిమిది మంది ఉంటారని అంచనా. నిద్ర చాలకపోవడం, పడుకునే వేళలు మారిపోతుండడం, వెల్లకిలా పడుకోవడం దీనిని పెంచుతాయి. పక్కకు తిరిగి పడుకోవడం, ఆ స్థితిలో ఒంటినంతటినీ కదపాలని పెనుగులాడకుండా ఒక్క వేలి మీద మనసు పెట్టడం నాకు పనిచేశాయి.

తరువాత విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాము. వెనకగదిలో ఒక పెద్దాయన పోయారని, అందుకే అద్దె తక్కువని చుట్టుపక్కలవారు ముందే చెప్పారు. చలికాలం వచ్చేసరికి ఆ గది తలుపు రాత్రి పొద్దుపోయాక కిర్రుమంటూ, ఎవరో చేత్తో వేస్తున్నంత నెమ్మదిగా మూసుకునేది. పగలు ఎంతసేపు చూసినా కదిలేది కాదు. ఒక రాత్రి ఆ గది మధ్యలో అగరొత్తి వెలిగించి కూర్చున్నాను. పొగ మొదట నిటారుగా లేచి, పడమటి కిటికీ వైపు నుంచి వంగి, తలుపు మీదుగా హాల్లోకి, అంటే సముద్రం వైపుకు సాగింది. పగలు సముద్రం మీది నుంచి నేల వైపుకు వీచే గాలి, రాత్రి నేల చల్లబడ్డాక నేల మీది నుంచి సముద్రం వైపుకు తిరుగుతుంది. ఆ తలుపు గదిలోపలికి తెరుచుకునేది కనుక పగటి గాలి దానిని తెరిచి ఉంచేది, రాత్రి గాలి మూసేది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బందులు ఆ కిర్రుచప్పుడును సమకూర్చేవి. ఈ సంగతి ఇంటి యజమానికి నేను చెప్పలేదు, తెలిస్తే అద్దె పెంచేవాడు.

అన్నింటినీ ఇలా విప్పి చూపాలని నేను అనను. నాన్నగారు పోయిన తరువాత, తెల్లవారుజామున ఆయన దగ్గు వినిపిస్తోందని అమ్మ చాలాకాలం చెప్పేది. నేను వాదించలేదు. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారిని వేల్స్ ప్రాంతంలో ఒక వైద్యుడు విచారించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో, పోయినవారు దగ్గరే ఉన్నట్టు అనిపించడమో, కనబడడమో, వినబడడమో జరిగిందని దాదాపు సగం మంది అన్నారు. అది జబ్బు కాదు, దానికి మందూ అక్కరలేదు, మంత్రమూ అక్కరలేదు. అమ్మ ఆ దగ్గుకు భయపడలేదు సరికదా, అది వినబడని రోజు దిగులుగా ఉండేది.

నాకు అభ్యంతరమంతా దయ్యమనో, చేతబడి అనో నమ్మిన తరువాత జరిగేదాని మీదనే. విశాఖ మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషులను చంపిన వార్తలు పత్రికల్లో మనం చదివినవే. ఊళ్లో ఎవరో జబ్బుపడితే, ఆ నింద ఏ దిక్కూ లేని ముసలివాళ్ల మీదనో పడుతుంది. పట్నంలో అంత దూరం పోకపోవచ్చు గానీ, చెవుల్లో మాటలు వినబడుతున్నాయంటున్న పిల్లను నెలల తరబడి భూతవైద్యుల చుట్టూ తిప్పి, వేపమండలతో కొట్టించి, చివరికి ఆస్పత్రికి తీసుకువచ్చినవారిని మా బంధువులలోనే చూశాను. వాల్తేరులో 1871 నుంచి మానసిక వైద్యశాల ఉంది. దాని గేటు లోపలికి వెళితే ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు, భూతవైద్యుడి గడప తొక్కడానికి మాత్రం అడ్డురాకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. గడప దాటడానికే మొహమాటపడేవారు 14416కు, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణికి, ఇంట్లో నుంచే ఫోను చేసి మాట్లాడవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

మీ అమ్మగారి తాయెత్తు సంగతి మీ ఇష్టం. ఆమె మనసు కుదుటపడుతుందనుకుంటే కట్టించుకోండి, దాని కోసం ఇంట్లో గొడవ అనవసరం. నిద్ర మాత్రం సరిచేసుకోండి: షిఫ్టు దిగాక కిటికీలకు ముదురు రంగు తెరలు వేసి ఒకే వేళకు పడుకోండి, డ్యూటీ చివరి గంటల్లో టీ మానండి. అలా చేసినా వారానికి రెండు మూడు సార్లు వస్తున్నా, లేదా పగలు మాట్లాడుతూనో, బండి మీదనో ఉండగా ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తున్నా, విశాఖలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లోనో మరెక్కడో నరాల వైద్యుడికి చూపించుకోండి. అప్పటివరకు బండి నడపకండి.