కొలరాడోలో ఆకు రాలే ముందు పసుపెక్కే ఆస్పెన్ చెట్లు కంటికి బంగారంలా ఉన్నాయి, ఫోటోలో ఎండుగడ్డిలా వస్తున్నాయి, ఎందుకు? ఏ లెన్స్ వాడాలి, ఎక్కడికి వెళ్లాలి?

సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీస్తున్నారేమో, ముందు అది చూసుకోండి. డెన్వర్ వచ్చిన కొత్తలో రెండేళ్లు నాదీ ఇదే గోల, అసలు మొదటి ఏడాదైతే అక్టోబర్ సగంలో వెళ్లి మోడు చెట్లు చూసొచ్చాం అనుకోండి, అది వేరే కథ.

ఆస్పెన్ ఆకు బాగా పల్చన. ఎండ మన వైపునుంచి పడితే పైన తెల్లటి మెరుపే కనిపిస్తుంది, వెనకనుంచి ఆకులోంచి దూరి వస్తే మాత్రం దీపం పెట్టినట్టు వెలుగుతుంది. అందుకే చెట్టుకి అవతలి వైపు వెళ్లి ఎండకి ఎదురు నిలబడండి, లెన్స్‌లో సూర్యుడు పడకుండా ఏదో ఒక మానుని అడ్డం పెట్టుకుంటే చాలు. అలా కుదరకపోతే పోలరైజర్ ఫిల్టర్ (మెరుపుని తగ్గించే, లెన్స్ ముందు బిగించే అద్దం) తిప్పితే ఆ మెరుపు చాలావరకు పోతుంది, కానీ వైడ్ లెన్స్‌కి పెట్టి మొత్తం తిప్పేయకండి, ఆకాశం ఒక పక్క నల్లగా ఒక పక్క తెల్లగా మచ్చలు కడుతుంది.

రెండోది ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల్ని కెమెరాయే సర్దేసే సెట్టింగ్. ఫ్రేమంతా పసుపే ఉంటే కెమెరా అదేదో తప్పనుకుని సరిచేసి పారేస్తుంది, ఆటో తీసేసి డేలైట్ సెట్టింగ్‌లో పెట్టేయండి. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కూడా ఎర్ర ఛానల్, అంటే ఎరుపు రంగు గ్రాఫ్, విడిగా చూడాలి, మామూలు గ్రాఫ్ బాగానే ఉన్నా అది కుడి అంచుకి కొట్టేసి ఆకులన్నీ పసుపు ముద్దలా అయిపోతాయి, నేనైతే ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గించి, అంటే వెలుగు కాస్త తక్కువ పడనిచ్చి, రా ఫైల్ (తర్వాత సరిదిద్దుకోడానికి వీలైన ఫైల్) తీస్తా.

ఇంకోటి, ఈ ఆకు మన రావి ఆకులాగే గాలి లేదనుకున్నా ఊగుతూనే ఉంటుంది. కాడ రెండు పక్కలా నొక్కినట్టు చదునుగా ఉండటం వల్లంట. ఆకులు స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/500 కన్నా తగ్గకండి, ఐఎస్ఓ (వెలుగుని పట్టే సెట్టింగ్) 800 అయినా పర్లేదు, నాయిస్ (ఫోటోలో పడే గరుకు చుక్కలు) తర్వాత తీసేయొచ్చు, కదిలిన ఆకుని ఏం చేస్తాం?

లెన్స్ అడిగారు కాబట్టి, నా ఓటు దూరాన్ని దగ్గరకి లాగే 70-200 మి.మీ. జూమ్‌కే. కొండవాలు మీద ఒక గుంపు ఆకుపచ్చగా, పక్క గుంపు నిండు పసుపుగా ఉంటుంది చూడండి, ఒక్కో గుంపు చాలాసార్లు ఒకే వేరునుంచి మొలిచిన చెట్లే, అందుకే అన్నీ ఒకేసారి రంగు మారతాయి. ఆ రెండు గుంపులు కలిసే అంచు దొరికితే ఫోటో దొరికినట్టే, వైడ్‌లో అదంతా చిన్న గీతలా పోతుంది.

చోటు అంటే, పిల్లలతో ఒక్క రోజులో వెళ్లి రావాలంటే 285 రోడ్డు మీద కెనోషా పాస్ (పాస్ అంటే కనుమ). సెప్టెంబర్ చివరి వారం బావుంటుంది, కానీ శనాదివారాలు కార్లు రోడ్డు పొడుగునా ఆపేసి ఉంటాయి, వీలైతే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి. రెండు రోజులు చేతిలో ఉంటే క్రెస్టెడ్ బ్యూట్ దగ్గర కెబ్లర్ పాస్‌కి వెళ్లండి, మట్టిరోడ్డు గానీ అడవి మధ్యలోంచి పోతుంది, పులిహోర తినడానికి అంతకన్నా మంచి చోటు నేను చూళ్లేదు. ఆస్పెన్ ఊరి దగ్గరి మెరూన్ బెల్స్ శిఖరాలు అనుకుంటే మాత్రం బస్సుకో పార్కింగ్‌కో ముందే బుక్ చేసుకోండి, మేం ఊరికే వెళ్లి గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చాం.