పాటకంటే ముందు మాటలు

అమ్మలూ,

జనవరి 25న, స్కాట్లాండ్ కవి బర్న్స్ పుట్టినరోజు నాడు, గ్లాస్గోలో స్కాట్లాండ్ జానపదాలు పాడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అవీ హైడన్, బీథోవెన్ లాంటి సంగీతకర్తలు వాద్య సంగీతం కూర్చినవట! గర్వంతో పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

శృతి నీ గొంతుకు సరిపోకపోతే ఇప్పుడే మార్పించుకో. 1792లో నేపియర్ అనే ప్రచురణకర్త అచ్చువేసిన హైడన్ పాటలు తీసుకుంటే, వాటిలో పియానోకి కింది స్వరాల (బేస్) వరుస, పైన ఏ స్వరాలు కలపాలో చెప్పే అంకెలే ఉంటాయి. మిగతాది పియానో అమ్మాయి పూరించుకోవాలి. ముందే చెప్పు.

నా భయం వేరే. నీకు స్వరం ఒక్కసారి వింటే వచ్చేస్తుంది, మాటలు తర్వాత చూసుకుందాంలే అంటావు. స్కాట్లాండ్ పాటలు సేకరించి అచ్చువేసిన ఎడిన్‌బరో జార్జ్ థామ్సన్ చేసిన పొరపాటు అదే. పాటలంటే ప్రాణమిచ్చే మనిషి. బర్న్స్ చేత మాటలు రాయించాడు, హైడన్ చేత, బీథోవెన్ చేత సంగీతం కట్టించాడు. కానీ బీథోవెన్ ఉన్న వియన్నాకి చాలాసార్లు ఉత్త స్వరాలే పంపాడు. మాటలు పంపండి, అవి లేకుండా ఎలా కూర్చను అని బీథోవెన్ ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ అడిగాడు. కొన్నిటికి సంగీతం చేరాకే మాటలు కుదిర్చారు. అందుకే అక్కడక్కడ పియానో ఒక దారి, మాట ఒక దారి. అలాంటి చోట నువ్వు మాట వైపే నిలబడాలి.

1818లో అచ్చైన బీథోవెన్ 25 పాటల్లో, స్కాట్లాండ్ ఊరు ఇన్వర్నెస్ పిల్ల పాట ఉంది చూడు. 1746లో కలోడెన్ యుద్ధంలో తండ్రీ, ముగ్గురు అన్నదమ్ములూ పోయిన పిల్ల అది. నేను ఎడిన్‌బరోలో ఉన్నప్పుడు మా పక్కింటి ముసలావిడ ఆ మాటలు నెమ్మదిగా చదివి వినిపించింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అప్పుడు తెలిసింది నాకు. నువ్వూ అక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్లెవరినైనా అడుగు. పాడించుకోకు, చదివించుకో.

ఇంకొకటి. కొన్ని పాటలు అచ్చం మన మోహన రాగంలా ఉంటాయి. గమకాలు వేశావో, ఊరుకోను! పొట్టి స్వరం వెంటనే పొడుగు స్వరం వచ్చే ఆ విరుపు వాళ్ల పాటకి ప్రాణం, దాన్ని సాగదీసి నున్నగా చేయకు. నీ గొంతు నాకు తెలుసు బంగారం, అది చేయగలదు.

వయొలిన్, చెల్లో లేవని దిగులు పడకు. బీథోవెన్ పాటల్ని అవి లేకున్నా పియానోతో పాడుకునేలాగే థామ్సన్ అచ్చువేశాడు.

జనవరి చలి గొంతు పట్టేస్తుంది, మెడకు మఫ్లర్ లేకుండా బయటికి వెళ్లకు. ఏమేం పాడుతున్నావో, మాటలతో సహా నాకు రాసి పంపు.

మీ పెద్దమ్మ