పాటలు రాయాలని ఉంది, కానీ సంగీతం రాదు, ఛందస్సు రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. నోట్‌బుక్ నిండా కవితలున్నాయి, ఫ్రెండ్ ఒకాయన షార్ట్ ఫిల్మ్ కోసం ట్యూన్ పంపి రాయమన్నాడు, మూడు రోజులు కూర్చున్నా ఒక్క లైన్ కూడా ట్యూన్‌లో పడట్లేదు, సంగీతం నేర్చుకోకుండా ఇది అయ్యే పనేనా, ట్యూన్ ముందా మాట ముందా అని అడిగారు. అవుతుంది. నాకూ సంగీతం రాదు, ఈరోజుకీ స్వరాలు రాయమంటే రాయలేను. మాది ఖమ్మం దగ్గర పల్లె, పొద్దంతా ఎరువుల షాపులో లెక్కలు చూస్తాను, రాత్రిళ్ళు పాటలు రాస్తాను, తొమ్మిదేళ్ళలో ఒక నలభై పాటలు రికార్డయ్యాయి, ఎక్కువ యూట్యూబ్ ఫోక్ ఆల్బమ్‌లు, కొన్ని షార్ట్ ఫిల్మ్‌లు. కాబట్టి పెద్ద రచయితలు చెప్పే మాటలు కాకుండా ఈ స్థాయిలో ఉండే ఇబ్బందులేంటో నాకు తెలిసినంత చెప్తాను.

మీకు లైన్ పడకపోవడానికి కారణం నాకు దాదాపు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను. మీరు కాగితం మీద రాస్తున్నారు. కవిత కాగితం మీద రాసుకోవచ్చు గానీ పాట నోట్లో రాయాలి. కాగితం మీద అందంగా కనపడింది పాడితే ఏమవుతుందో నా మొదటి పాటతోనే తెలిసింది. అందులో ఎత్తుగడ "నది ఒడ్డున నిలుచున్నా" అని రాశాను, చదివితే బాగానే ఉంది కదా, కానీ ట్యూన్‌లో మొదటి అక్షరం మీదే స్వరం సాగుతుంది, పాడే అమ్మాయి ఏం చేస్తుంది పాపం, "నాది ఒడ్డున" అని వచ్చింది. నది కాస్తా నాది అయిపోయింది. స్టూడియోలో గంట లెక్కన డబ్బు కడుతున్నాం, అందరూ నా వైపు చూస్తున్నారు, నాకు చెమటలు పట్టాయి. చివరికి కీబోర్డ్ వాయించే అన్న "ఏటి ఒడ్డున అను" అన్నాడు, అంతే, సరిపోయింది. ఏ అనేది ముందే దీర్ఘం కాబట్టి ఎంత సాగదీసినా అర్థం మారదు. అర్థం అదే, మాట మారింది, పాట నిలబడింది. ఆ రోజు ఆ ఒక్క మాటతో నేర్చుకున్నది తర్వాత చదివిన పుస్తకాల్లో కూడా నాకు దొరకలేదు.

తెలుగులో ఇది చాలా పెద్ద విషయం అండి. మనకి హ్రస్వం దీర్ఘం మారితే మాటే మారిపోతుంది, కల సాగితే కాల, పడి సాగితే పాడి, మన సాగితే మాన. అందుకే ట్యూన్ వినగానే అర్థం గురించి ఆలోచించకుండా ముందు ఎక్కడ పొడుగు ఎక్కడ పొట్టి అన్నది పట్టుకోవాలి. దీనికి సంగీతం అక్కర్లేదు, తాన తనన చాలు. పొడుగు వచ్చిన చోట "తా", పొట్టి వచ్చిన చోట "త" లేదా "న" అనుకుంటూ ట్యూన్ ఒక పదిసార్లు పాడండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, అప్పుడు కాగితం మీద ఆ తాన తనన మాత్రమే రాసుకోండి. మాటలు అప్పుడే వద్దు.

ఇక ఛందస్సు రాదన్నారు కదా, మీకు వచ్చు. స్కూల్లో వేమన పద్యం చెప్పారా లేదా? "విశ్వదాభిరామ వినురవేమ" ఒకసారి చప్పట్లు కొడుతూ అనండి. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. తాన తాన తాన తనన తాన. ఐదు ముక్కలు, ప్రతి ముక్కా మూడు మాత్రలు, మాత్ర అంటే పలికే సమయానికి కొలత, పొడుగు అక్షరానికి (గురువు) రెండు, పొట్టి అక్షరానికి (లఘువు) ఒకటి. ఈ పద్యం ఛందస్సు పేరు ఆటవెలది, అందులో రెండో పాదం నాలుగో పాదం ఇలాగే ఐదు సూర్యగణాలతో నడుస్తాయి, సూర్యగణం అంటే ఈ తాన గానీ తనన గానీ, అంతకంటే ఏం లేదు. ఇదే తకిట తకిట నడక, త్రిశ్రం అంటారు. తకధిమి అని నాలుగేసి నడిస్తే చతురశ్రం. తకిట తకధిమి కలిపి మూడూ నాలుగుగా నడిస్తే మిశ్రం, గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సు నడక ఇదే. మీ ట్యూన్ ఏ నడకో చేత్తో తొడ మీద కొట్టుకుంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

నిజంగా రాసిన ఒక లైన్ ఎలా వచ్చిందో చెప్తాను, ఊరికే సూత్రాలు చెప్తే ఉపయోగం ఉండదు. ఒక షార్ట్ ఫిల్మ్, వానాకాలం, వాగు అవతల కొడుకు, ఇవతల ముసలి తల్లి. మ్యూజిక్ చేసే తమ్ముడు వాట్సాప్‌లో ట్యూన్ పంపాడు, వింటే ఇలా ఉంది: తాన తనన తాన తనన తానా, చివర "నా" మీద ఎక్కువసేపు ఆగుతుంది. నేను మొదట అనుకున్న మాట "వర్షం వచ్చి వాగు పొంగింది" అని. వర్షం అంటే రెండూ గురువులే, తాన కొలతలో పట్టదు, తోసి పాడితే వర్షంలో సున్నా మింగేసి "వర్ష" అవుతుంది. పక్కన పెట్టేశాను. ఇంట్లో మా అమ్మ అలా అనదు కూడా, వాగు పొర్లుతాంది అంటుంది. అక్కడ నుంచి వచ్చింది "వాగు పొరలె, తోవ మునిగె". వాగు అంటే తాన, పొరలె అంటే తనన, తోవ తాన, మునిగె తనన. అచ్చంగా కూర్చుంది, ఆ సంతోషం చెప్పలేను.

చివర తానా ఉంది కదా, దానికి "రావా" అని పెట్టాను. వాగు పొరలె, తోవ మునిగె, రావా. పాడితే చాలా బాగుంది. తమ్ముడికి నచ్చింది, డైరెక్టర్‌కి నచ్చింది. రెండు రోజులు అదే పాడుకుంటూ తిరిగాను, మూడో రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఊరికే మా అమ్మకి వినిపించాను. ఆమె పిండి కలుపుతూ తల ఎత్తకుండా అడిగింది, "వాగు పొర్లుతుంటే ఏ తల్లైనా కొడుకుని రమ్మంటదా?" అని.

నాకు నోట మాట రాలేదు. నిజమే కదా, లెక్క కుదిరింది, చెవికి బాగుంది, కానీ ఆ మాట ఆ తల్లిది కాదు. ఎక్కడో సినిమా పాటల్లో ప్రియురాలు పిలిచే పిలుపు తెచ్చి ముసలి తల్లి నోట్లో పెట్టాను. ఆమె రావద్దనే అంటుంది. మరి "రాకు" పెడదామంటే ఒక మాత్ర తక్కువ, పైగా చివర ఉకారం మీద అంతసేపు ఆగితే పెదాలు మూసుకుపోయి గొంతు లోపలికి పోతుంది. ఆ రాత్రి పన్నెండు దాకా తిప్పలు పడ్డాను. చివరికి వచ్చింది "కొడకా" అని. కొ డ రెండు లఘువులు, కా గురువు, నాలుగు మాత్రలు, చివర ఆకారం, ఎంతసేపు కావాలంటే అంతసేపు గొంతు తెరిచి పాడుకోవచ్చు. రావద్దని ఆ లైన్‌లో ఎక్కడా లేదు, పిలుపు మాత్రమే ఉంది, భయం అందులోనే ఉంది. రెండో లైన్ దానంతట అదే వచ్చింది:

వాగు పొరలె, తోవ మునిగె, కొడకా
ఆడ నిలువు, రేపు కలువు, కొడకా

ఇది గొప్ప కవిత్వం అని చెప్పట్లేదు. ఒక తల్లి నిజంగా అనే మాట, ట్యూన్‌లో ఎక్కడా ఇరుక్కోకుండా. మొదలుపెట్టేవాళ్ళు ఈ రెండూ కలిసే చోటికి రావడం కోసమే కష్టపడాలి అని నా నమ్మకం. పోలికలు, అలంకారాలు తర్వాత వాటంతట అవే వస్తాయి. ఏ లైన్ రాసినా ఇది ఎవరి నోటి మాట, ఎవరితో అంటున్నారు, ఆ క్షణాన నిజంగా ఇలాగే అంటారా అని అడగండి, వీలైతే పాటలతో సంబంధం లేని మనిషికి ఒకసారి వినిపించండి. రచయిత ఫ్రెండ్స్‌కి వినిపిస్తే వాళ్ళు ప్రాస చూస్తారు, మా అమ్మ తల్లిని చూసింది.

ప్రతి లైన్ చివర ఆ "కొడకా" రావడం గురించి కూడా ఒక మాట. అది మా నానమ్మ దగ్గర నుంచి వచ్చింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వాడలో ఆమే ముందు పాడేది, ఆమె ఒక లైన్ అంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, లైన్ చివర ఉయ్యాలో అని వస్తుంది కదా, చిన్నప్పుడు అడిగాను నానమ్మా అన్నిసార్లు ఉయ్యాలో ఎందుకు అని. "అందరూ అది అనేలోపు నేను రాబోయే మాట తలుచుకుంట" అంది. పాడేవాళ్ళకి ఊపిరి, వినేవాళ్ళకి పట్టు, రాసేవాళ్ళకి తీరిక, మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇప్పుడు హుక్ లైన్ అంటున్నది ఇంచుమించు అదే. మీ పల్లవిలో అలాంటి మాట ఒకటి, విన్నవాళ్ళు రెండోసారికే కలిసి పాడగలిగేది, ముందు దొరకబుచ్చుకోండి. చరణాలు దాని చుట్టూ అల్లుకోవచ్చు.

అంత్యప్రాస వెంట మరీ పడకండి. వచ్చింది నచ్చింది ఇచ్చింది అంటే అది ప్రాసలా వినపడుతుంది గానీ మన క్రియలు ఎలాగూ ఒకేలా ముగుస్తాయి కాబట్టి అందులో చేసిన పనేం లేదు. పైన నిలువు కలువు లాగా లైన్ మధ్యలో తగిలితే ఇంకా బాగుంటుంది, చెవి ఎదురుచూడని చోట పడుతుంది.

మాట ఎక్కడ విరుగుతుందో కూడా చూసుకోవాలి. ఒకసారి "నీ రాక కోసం" అని రాస్తే ట్యూన్‌లో రెండో దీర్ఘం తర్వాత ఆగాల్సి వచ్చి "నీరా, కకోసం" అని వినపడింది, మా వైపు నీరా అంటే తాటి చెట్టు నుంచి తీసే పానీయం. ట్యూన్ ఊపిరి తీసుకునే చోట మాట కూడా అయిపోవాలి. అలాగే బాగా పైస్థాయిలో ఆగే చోట ఈకారం పెట్టకండి, గొంతు బిగుసుకుంటుందని పాడేవాళ్ళే చెప్తారు, ఆ, ఏ, ఓ ఉంటే వాళ్ళకి సుఖం. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి వెతికితే దొరక్కపోదు.

ట్యూన్ ముందా మాట ముందా అన్నారు. బయట పని ఎక్కువ ట్యూన్‌కే ఉంటుంది, కాబట్టి దానికే అలవాటు పడండి. ప్రాక్టీస్ కోసం మీకు బాగా వచ్చిన పాత పాట ట్యూన్ ఒకటి తీసుకుని పూర్తిగా వేరే సందర్భానికి మాటలు రాయండి, చంటిపిల్లకి అన్నం తినిపించడం గురించైనా సరే, బస్సు తప్పిపోవడం గురించైనా సరే. అది బయట పెట్టకండి, ట్యూన్ ఇంకొకరిది, మీ చేతికి అలవాటు కావడానికే. నేను మొదటి ఏడాది వారానికొకటి ఇలా చేశాను. ఇంకొకటి, మాటల నోట్‌బుక్ పెట్టుకోండి. మొగులు పట్టింది, పొద్దు గూకింది, కాళ్ళు గుంజుతున్నయ్, ఇలా ఇంట్లో, సంతలో, బస్సులో విన్నవి విన్నట్టు. గుండె, ప్రాణం, మనసు, ప్రేమ అందరి దగ్గరా ఉన్నాయి, మీ ఊరి మాట మీ దగ్గరే ఉంది.

మీరు అడగలేదు గానీ డబ్బుల సంగతి, పేరు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నా మూడో పాట ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు తీసుకున్నారు, విడుదలయ్యాక చూస్తే రచన అన్న చోట వేరేవాళ్ళ పేరుంది. నా దగ్గర కాగితం లేదు, మెసేజ్ లేదు, అంతా ఫోన్‌లో మాటలే. చాలా రోజులు బాధపడ్డాను. మీరు అలా చెయ్యకండి. పాట పంపేటప్పుడు మీ పేరు, తేదీ, ఏ ప్రాజెక్టు కోసం అన్నది రాసి ఈమెయిల్‌లోనే పంపండి. మన దేశంలో రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీరే రాశారని చూపించడానికి ఆధారం ఉండాలి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల సినిమా పాట హక్కులు నిర్మాతకి రాసిచ్చినా, థియేటర్లో సినిమాతో పాటు కాకుండా బయట ఆ పాట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయిత సమాన వాటా రాసిచ్చెయ్యడానికి వీల్లేదు. అన్ని హక్కులూ మావే అని కాగితం ముందు పెట్టినప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) అని 1969 నుంచి ఉన్న సంస్థ ఉంది, పాటలు విడుదలవడం మొదలయ్యాక అందులో సభ్యత్వం తీసుకోండి.

ఇప్పటికి మీ ఫ్రెండ్ పంపిన ట్యూన్ సంగతి చూద్దాం. ఈ రాత్రికి మాటలేం రాయకండి, దాని తాన తనన మాత్రం రాసి ఈ జవాబు కింద పెట్టండి, ఆ పాట ఎవరు ఎవరితో పాడుతున్నారో ఒక్క లైన్‌లో చెప్పండి. షాపు మూసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది, వచ్చాక తప్పకుండా చూస్తాను.