పులిహోరకీ సిల్వర్ పేపరుకీ పడదు

ప్రయాణానికి అన్నం కట్టుకునేటప్పుడు అల్యూమినియం ఫాయిల్ మెరిసే వైపు లోపలికి ఉండాలా, బయటికా అని అడిగారు. ఎటు పెట్టినా ఒకటే. ఫ్యాక్టరీలో ఆఖరిసారి రెండు రేకుల్ని జతగా రోలర్ల మధ్య నుంచి లాగుతారు. రోలరుకి తగిలిన వైపు మెరుస్తుంది, రేకూ రేకూ ఆనుకున్న వైపు మసకగా ఉంటుంది. మా బావగారు దీని మీద అరగంట మాట్లాడతారు, వినకండి. లోపల ఏం పెడుతున్నారో అది చెప్పండి ముందు.

మేం ఓసారి దానాపూర్ రైల్లో కాశీ వెళ్లాం. అమ్మ తెల్లవారుజామునే లేచి పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపింది. మర్నాటికి కూడా నిలవుండాలని పులుసు చిక్కగా ఉడికించి, ఉప్పు కాస్త ముందుకే వేసింది. "మూత వదులుగా ఉందత్తయ్యా, సంచికి నూనవుతుంది" అంటూ వదిన సిల్వర్ పేపర్ పరిచి, అన్నానికి అంటుకునేలా అదిమి మూత పెట్టింది. అమ్మ అరిటాకు ముక్క వెయ్యమంది. ఈ రోజుల్లో ఆకులేంటని నవ్వాం. నేనూ నవ్వాను, ఆ పేపరు చుట్ట కొన్నది నేనే మరి.

మర్నాడు పొద్దున సత్నా దాటాక మూత తీస్తే, పేపరు నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు! కిటికీకి అడ్డం పట్టుకుంటే జల్లెడే. అన్నం మీద అక్కడక్కడా బూడిదరంగు మరకలు. నాన్న "నువ్వుల పొడేమోరా" అంటూ చెయ్యి పెట్టబోయారు. అమ్మ మాత్రం ఒక్క చూపు చూసి, "కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాచినట్టుంది" అంది.

అమ్మ చదివింది ఏడో తరగతి. కానీ సంగతి అదే. కింద స్టీలు, పైన అల్యూమినియం, మధ్యలో చింతపండు పులుపూ ఉప్పూ తడీ: ఇంకేముంది, చిన్న బ్యాటరీ తయారు. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. గాజు గిన్నె మీద కప్పి ఉంటే పులుపు రేకుని ఇంత తొందరగా తినేసేది కాదు. స్టీలు పళ్లెంలో లజానియా (టమాటా వేసి చేసే ఇటలీ వంటకం) వండి ఫాయిల్ కప్పే దేశాల వాళ్లకీ ఇదే అనుభవం, దానికి 'లజానియా సెల్' అని పేరు కూడా పెట్టుకున్నారు. మనం పులిహోర సెల్ అనుకోవచ్చు.

పైపైది తీసి పారేసి, మిగతాది తినేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో చెప్పిన లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకి వారానికి 1 మిల్లీగ్రాము అల్యూమినియం దాకా ఫర్వాలేదు. 60 కిలోల మనిషికి 60 మిల్లీగ్రాములన్నమాట. భయపడక్కర్లేదు గానీ, కావాలని తినడం దేనికి?

చపాతీలు చుట్టుకోండి, ఆవిరి పోయాక. మాత్రల షీట్లకి ఆ రేకే వాడేది తేమా వెలుతురూ చొరబడకుండానే. పొడి వాటికి దాన్ని మించింది లేదు. పులుపుకి మాత్రం ఆకే.

అన్నట్టు, కర్రీ పాయింట్లో సలసలా కాగే పప్పుచారు పోసిచ్చే సిల్వర్ కవరు చూసి ప్లాస్టిక్ కాదులే అని మురిసిపోకండి. చారుకి తగిలే లోపలి పొర ప్లాస్టిక్కే. పాత సామాన్ల వాడు కూడా తీసుకోడు దాన్ని.

ఆ పేపరు చుట్ట ఇంకా సగం ఉంది మా ఇంట్లో. అమ్మ చెయ్యెడు ముక్క చింపి, ఉండ చుట్టి, మాడిన ఇనప పెనం తోముతుంది.