ఫ్రెండ్స్‌తో కొండెక్కడానికి ఆర్‌డీ పగలగొట్టాలా?

ప్రశ్న: కడపలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 36,000. అనంతపురంలో కలిసి చదువుకున్న నలుగురు ఫ్రెండ్స్ ఇప్పుడు పుణె, చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు. ఏడాదికోసారి కలిసి ఏదో ఒక కొండ ఎక్కుతాం. ఈ డిసెంబరులో చిక్కమగళూరు దగ్గర ముళ్లయ్యనగిరి అంటున్నారు, మనిషికి 15,000. పోయిన ట్రిప్పు తాలూకు కార్డు బాకీ ఇంకా 22,000 ఉంది, నెలకు 1,500 కడుతున్నాను. బ్యాంకు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) 31,000 దాకా ఉంది. అది తీయాలా, లోన్ యాప్‌లో తీసుకోవాలా, చీటీ పాడుకోవాలా? మా ఆవిడ అసలు వద్దంటోంది. పోయినసారి రూమూ బండీ నా కార్డు మీదే బుక్ చేశాను, ఇద్దరు చెరో 3,500 ఇంకా పంపలేదు, అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: ఆర్‌డీ తీయండి. కానీ ట్రిప్పు కోసం కాదు, ఆ కార్డు బాకీ కోసం, అదీ ఈ వారంలోనే.

ఎందుకో లెక్క చూడండి. మీ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం (స్టేట్‌మెంట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీదెంతో చూసుకోండి). 22,000 మీద నెలకు 770 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 909 రూపాయలు. అంటే మీరు కట్టే 1,500లో అసలుకు పోయేది ఆరొందలు కూడా లేదు. మరోపక్క ఆర్‌డీ మీద మీకు వచ్చేది ఏడాదికి ఆరేడు శాతం. ముందే క్లోజ్ చేస్తే బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, కోయనీయండి, అయినా లాభమే. ఇంకోటి, పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా గీకితే నలభై యాభై రోజుల ఉచిత గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. కాబట్టి డిసెంబరు ఖర్చు ఆ కార్డు మీద పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

లోన్ యాప్ వద్దు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. చీటీ కూడా వద్దు, విహారయాత్ర కోసం పాటలో అంత సొమ్ము వదులుకునే అవసరం మీకు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 22,000 మీ ఒక్కడి ఖర్చేనా? మీ ఉత్తరం చివర్లో, రూమూ బండీ మీ కార్డు మీదే బుక్ చేశారని, ఇద్దరు చెరో 3,500 ఇంకా పంపలేదని, అడగడానికి మొహమాటంగా ఉందని రాశారు. మీ ఇబ్బందికి మూలం కొండ కాదండీ, ఇది. ‘నువ్వు కట్టేయ్ రా, తర్వాత చూసుకుందాం’ అనేవాడికి ఆ ‘తర్వాత’ ఎప్పుడొచ్చినా నష్టం లేదు, బిల్లు తేదీ మాత్రం మీ ఒక్కరికే. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, మర్చిపోయుంటారు అంతే. విడివిడిగా మెసేజ్ పెట్టండి, గ్రూపులో వద్దు: ‘రేయ్, పోయినసారి రూము లెక్క ఇంకా క్లోజ్ కాలేదురా, నీది 3,500. కార్డు బిల్లు కట్టాలి, ఈ వారంలో పంపు.’ సంజాయిషీలు, నవ్వు బొమ్మలు అక్కర్లేదు. ఇకమీదట ఎవరు బుక్ చేసినా ముందు డబ్బు పడాలి, తర్వాతే బుకింగ్.

మీ ఆవిడ వద్దంటున్నది ట్రిప్పునా, నెలనెలా వస్తున్న ఆ బిల్లునా? రెండోదే అని నా అనుమానం, ఒకసారి అడిగి చూడండి.

మరి ఈసారి వెళ్ళొద్దా? వెళ్ళండి, కానీ ముళ్లయ్యనగిరి వచ్చే ఏడాదికి పెట్టుకోండి. 1,930 మీటర్ల కొండ, కర్ణాటకలో అదే ఎత్తయినది, అది ఎక్కడికీ పోదు. ఈసారి వాళ్ళనే ఇటు రమ్మనండి. కడప నుంచి మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం (పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల). ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా, ఓపికుంటే పైన ఉగ్రస్తంభం దాకా ఎక్కితే తెలుస్తుంది ఎవరి మోకాళ్ళు ఎలా ఉన్నాయో! పొద్దున్నే మొదలుపెట్టండి, దారి తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, అది నల్లమల. మరుసటి రోజు గండికోటలో పెన్న లోయ చూపించి పంపేయండి. మీ వాటా నాలుగైదు వేలలో అయిపోవాలి. ఆ రెండు రోజుల తిండి మాత్రం హోటల్లోనే, ఐదుగురికి వండే పని ఇంట్లో వేయకండి.

ఆ నాలుగైదు వేలు ఎక్కడివంటారా, కార్డు తీరిపోతుంది కదా, నెలకు 1,500 మిగులుతుంది, మూడు నెలలకు 4,500. ఆర్‌డీలో కార్డుకు పోగా మిగిలే తొమ్మిది వేలు ముట్టుకోకండి, జ్వరమో బండి రిపేరో వస్తే అదే దిక్కు. పాత ఆర్‌డీ వాయిదా యథాతథంగా మళ్ళీ మొదలుపెట్టండి, ఫ్రెండ్స్ పంపే 7,000 అందులో వేయొచ్చు. జనవరి నుంచి అదే 1,500తో ట్రిప్పు కోసం వేరే ఆర్‌డీ పెడితే వచ్చే డిసెంబరుకు 18,000.

రైలు బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. పుణె, చెన్నై వాళ్ళకు కడపకు నేరుగా రైలుంది కాబట్టి తేదీలు అక్టోబరు మొదట్లోనే ఖాయం చేసుకోమనండి, ఎవరి టికెట్ వాళ్ళే తీసుకోమనండి.