సైకిల్ బాట పొలిమేర దాటాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

సైకిల్ బాట కోసం పురపాలక సంఘం చుట్టూ తిరుగుతున్నానని రాశావు. సంతోషం, ఆ పని మానకు. అయితే పట్టణాలన్నిటికీ పైన ఉండే ప్రాంతీయ ప్రభుత్వాన్ని కూడా ఇప్పుడే కలువు. ఏ పట్టణమైనా తన హద్దు వరకే బాట వేస్తుంది. పక్క ఊళ్లో ఉద్యోగం చేసేవాళ్లు ఆ హద్దు దాటగానే లారీల మధ్యకు వెళ్లాల్సి వస్తుంది. ఈ అతుకు వేయడం ఒక్క పట్టణం వల్ల అయ్యేది కాదు.

‘రోడ్లు మా పరిధిలో లేవు’ అని ఆ ప్రభుత్వం అంటే నిరాశపడకు. డెన్మార్క్‌లో ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో రోడ్లు లేవు. అయినా రాజధాని ప్రాంత ప్రభుత్వం, అక్కడి పురపాలక సంఘాలు చేతులు కలిపి దూరప్రయాణ సైకిల్ మార్గాలు వేస్తున్నాయి. రాజధాని కోపెన్‌హాగన్‌ను ఆల్బర్ట్స్‌లుండ్ పట్టణంతో కలిపే మొదటి మార్గం 2012లో తెరుచుకుంది. అందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఉమ్మడి కార్యాలయం ఒకటి ఉండటం అక్కడ ఎంతో కలిసివచ్చింది. నువ్వు ముందుగా అడగాల్సింది అలాంటి కార్యాలయాన్నే.

తర్వాత డబ్బు. అదీ షరతులతో ఇమ్మను. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో సైకిల్ నిధి నుంచి సాయం కావాలంటే, ఆ దారి ముందే గుర్తించిన ప్రాంతీయ మార్గాల పటంలో ఉండాలి, నిర్ణీత ప్రమాణాలు పాటించాలి. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. షరతు లేకపోతే రోడ్డు అంచున తెల్లగీత గీసి నిధులు ఖర్చయ్యాయని చూపించేస్తారు.

నిర్వహణ సంగతి మాత్రం కాగితం మీద తేలే వరకు వదలకు. చెత్త ఊడ్చేదెవరు, దీపాలు చూసేదెవరు, పగిలిన చోట పూడ్చేదెవరు? జర్మనీలోని నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం 2016లో చట్టం సవరించి, వేగ సైకిల్ మార్గాలకు రాష్ట్ర రహదారులతో సమానమైన హోదా ఇచ్చింది. దాంతో అవి ఎవరి బాధ్యతో తేలింది. అలాగని చట్టం రాగానే పని పూర్తయిపోదు. అదే రాష్ట్రంలో డ్యూస్‌బర్గ్ నుంచి హామ్ వరకు దాదాపు 100 కిలోమీటర్లు వేయాలనుకున్న మార్గం ముక్కలు ముక్కలుగానే వస్తోంది. ఎస్సెన్, మ్యూల్‌హైమ్ మధ్య ముందుగా కుదిరిందంటే, అక్కడ వాడుకలో లేని రైలు దారి దొరికింది కాబట్టి. మీ దగ్గరా అలాంటి పాత రైలు కట్టలు, కాలువ గట్లు ఉన్నాయేమో వెతుకు. భూసేకరణ బాధ చాలా తగ్గుతుంది.

ఒంటరిగా వెళ్లకు. పక్క పట్టణం వాళ్లను వెంటబెట్టుకుని, రెండు ఊళ్ల దారులూ ఒకే పటంలో గీసుకుని వెళ్లు. బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యే ముందే అది అధికారుల చేతికి అందాలి.