తైవాన్ ఎన్నికల సభల్లో పాత ప్రేమపాటలు ఎందుకు పాడతారు?

"పాటలో రాజకీయం ముక్క లేదు, మరి సభలో జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని పాడటమేంటి?" అని మీ సందేహం. తైవాన్‌లోని షిన్‌చు ఊళ్ళో పీహెచ్‌డీ చేసిన రోజుల్లో నేనూ అదే అనుకునేవాణ్ణి.

అక్కడ పాట ఏ భాషలో ఉందన్నదే పెద్ద రాజకీయం. 1949 నుంచి 1987 దాకా మార్షల్ లా. ప్రభుత్వం రుద్దిన భాష మాండరిన్, ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది తైవానీ. బళ్ళో పిల్లలు తైవానీలో మాట్లాడితే జరిమానా వేసేవాళ్ళు, లేదా మెడలో పలక తగిలించేవాళ్ళు. 1970ల్లో టీవీలో తైవానీ పాటలు రోజుకి రెండే వెయ్యాలని ఆంక్ష. ఇక ఆ భాషకి దిక్కు ఇల్లూ, పాటలే.

మా ఓనర్ ఆంటీ వాళ్ళమ్మకి మాండరిన్ తడబడేది. కానీ కరవోకే మైకు అందుకుని 1933 నాటి 'బాంగ్ చున్ హాంగ్' మొదలెట్టిందా, గొంతు ఖంగుమనేది. చప్పుడైతే అతనే వచ్చాడనుకుని అమ్మాయి తలుపు తీస్తుంది, తీరా చూస్తే గాలి! అంతే పాట. పక్కనే మనవడు తెర మీద అక్షరాలు చూస్తూ కూడా సగం పలకలేకపోయేవాడు. ఆవిడ పాట మధ్యలోనే మైకు పక్కకి తీసి వాడి ఉచ్చారణ దిద్దేది.

తమాషా ఏంటంటే, ఆ బాణీ కట్టిన తెంగ్ యూ-షియెన్ హక్కా మనిషి, అంటే తైవానీ కాక వేరే భాష మాట్లాడే వర్గం. చివర్లో షిన్‌చు దగ్గరే బడిపంతులుగా ఉండి 1944లో పోయాడు. ఆయనదే 'వానరాత్రి పువ్వు' పాట. యుద్ధకాలంలో, అప్పట్లో తైవాన్‌ని ఏలుతున్న జపాన్ వాళ్ళు ఆ బాణీకి సైన్యాన్ని పొగిడే మాటలు తగిలించి వాడుకున్నారు.

వెన్ షియా పాడిన 'సంధ్యవేళ సొంతూరు'ది రివర్సు కథ: బాణీ జపాన్‌ది, మాటలు తైవానీ. ప్రభుత్వ వ్యతిరేకులంటూ బ్లాక్‌లిస్టులో పేరెక్కి, స్వదేశానికి రాలేక అమెరికాలో, జపాన్‌లో చిక్కుకుపోయిన వాళ్ళు దాన్ని తమ పాట చేసుకున్నారు. సభలో అది మోగితే పెద్దవాళ్ళు ఎందుకలా అయిపోతారో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. మన తెలంగాణ ధూంధాం పాటలు ఉద్యమం కోసమే పుట్టాయి. వీటికి ఉద్యమం తర్వాత వచ్చి అంటుకుంది.

'ఆయి పియా' (1988) మాత్రం నాకు అంత ఎక్కలేదు. కష్టపడితే గెలుస్తావనే హుషారు పాట, ఏ పార్టీ అయినా వేసుకోవచ్చు. పాడిన యె చి-తియెన్ తర్వాత మార్షల్ లా రోజుల్లో ఏలిన కుమింటాంగ్ పార్టీ తరఫునే పార్లమెంటుకి వెళ్ళాడు.

ఇది ద్వీపంలో అందరి కథా కాదండోయ్. 1949 ప్రాంతంలో చైనా నుంచి వచ్చిన కుటుంబాలకి మాండరిన్ పాత పాటలే ప్రాణం. వాళ్ళ గురించి విడిగా అడగండి, రాస్తాను.